ఏడో లాకు దగ్గర పదకొండో రోజు

మే 26, గురువారం. ఎండ. పొద్దుటి నుంచి పడమటి గాలి. తలుపుల ముందు చేరిన గుర్రపుడెక్క తీసి గట్టు మీద పోశాను. ముప్పై ఏడు తట్టలు.

గేజీ: పైన తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. కింద అయిదడుగుల రెండు. రెండో తలుపు అరడుగు ఎత్తాను. చెయ్యి నాది.

మొన్న మంగళవారం మా అమ్మాయి వీరవేణికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ రోజు రాయడం మరిచాను.

మే 28, శనివారం. మబ్బు పట్టింది, వాన లేదు. రెండో తలుపు అలాగే ఉంచాను.

గేజీ: పైన 9-3, కింద 5-2.

జలమండలి పడవ వచ్చింది. అందులో దిగువ నుంచి వచ్చిన అధికారి హైమవతి గారు ఉన్నారు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆవిడ వెనకాల పెదబాబు. నాలుగేళ్ళ యుద్ధానికి ముందు ఈ ఏడో లాకూ, దీని మీద బతికే మేం నలభై ఇద్దరమూ ఆయన ఆస్తి. ఎగువ వాళ్ళతో పాటు ఆయనా ఓడిపోయాడు. క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాడు. ఇప్పుడు మండలికి నీటి సలహాదారు.

"ఒరే లోవా, గ్రీజు అదీ బానే పెడుతున్నావట్రా?" అన్నాడు పడవలో కూర్చునే.

"లోవరాజు గారు అనాలండి," అన్నారు హైమవతి గారు.

"అలాగేనమ్మా, దానిదేముంది. లోవరాజు గారూ, కాసిన్ని మంచినీళ్ళు పట్రా."

పట్టుకెళ్ళి ఇచ్చాను. అది కూడా ఇక్కడ ఉండాలి. పట్టుకెళ్ళి ఇచ్చాను.

హైమవతి గారు నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. చదువు ఎవరు చెప్పారని అడిగారు. గేజీ పలక మీది అంకెలు చూసి, గ్రీజు డబ్బాల మీది మాటలు చూసి నేర్చుకున్నానండి అని చెప్పాను. మా వాళ్ళలో చదవడం వచ్చినవాణ్ణి, ఈ లాకు నుంచి పద్దెనిమిదో లాకు దాకా, నేనొక్కణ్ణే. ఆవిడ చాలా సంతోషించారు. మండలి కొత్త ఉత్తర్వు ఇచ్చి, లాకుకొకటి చొప్పున పన్నెండు ప్రతులు రాసి పెట్టమన్నారు.

రాశాను. నీరు అందరి ప్రాణం కనుక, లాకు గదిలోని అద్దం గుర్తించిన ప్రతి పౌరుడూ నెలకు పదిహేను రోజులు మండలి చెప్పిన లాకు దగ్గర పని చేయాలి. కూలి ఇస్తారు. మండలి అనుమతి లేకుండా కాలవ దాటి పోకూడదు. అద్దం గుర్తించిన పిల్లలను అయిదో ఏట తలకాలవ దగ్గరి జలపాఠశాలకు పంపాలి. వాళ్ళు అక్కడే పెరుగుతారు. ప్రతి నెలా ఒకటో తారీఖున, పదిహేనో తారీఖున అధికారి వచ్చి అద్దంలో చేరిన పేర్ల జాబితా తీసుకుంటారు.

అక్షరాలు కుదురుగా వచ్చాయి. ఆవిడ మెచ్చుకున్నారు. నాకు సంతోషం కలిగింది.

సాయంత్రం ఒక ప్రతి లాకు గది గోడకి అంటించాను. మా ఆవిడ నూకాలమ్మ బిందె చంకనెట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏటి రాసుందయ్యా?"

"మామూలే," అన్నాను.

మే 30, సోమవారం. ఎండ. లంగరు గొలుసుకి తుప్పు గీకాను.

గేజీ: పైన 9-1, కింద 5-0.

హైమవతి గారు ఇచ్చి వెళ్ళిన పత్రంలో రెండు గళ్ళున్నాయి. 'యుద్ధానికి కారణాలు', 'యుద్ధ ఫలితాలు'. ఒక్కోదానికి అయిదు గీతలు. చరిత్ర సంఘానికి ప్రతి లాకు నుంచీ ఒక వాంగ్మూలం కావాలట. చిత్తు ఇక్కడ రాసుకుంటున్నాను.

కారణాలు. సముద్రం పొంగి పల్లపు ఊళ్ళన్నీ మింగిన తరవాత ఈ కాలవలోనే తీపి నీళ్ళు మిగిలాయి. నీళ్ళకి దొంగలు పుట్టారు. తలుపులు దొంగలు ఎత్తకుండా అప్పటి ఇంజనీర్లు ప్రతి లాకు గదిలో ఒక అద్దం పెట్టారు. తలుపులు ఎత్తే లస్కర్ల అరచెయ్యి ఆనితేనే తలుపు లేస్తుంది. లస్కరు చచ్చిపోతే పని ఆగకూడదని వాడి నెత్తురు పంచుకున్న బిడ్డల చెయ్యి కూడా పట్టేలా చేశారు. మా ముత్తాతలు జీతం తీసుకునే లస్కర్లు. అది గౌరవం అనుకున్నారు. తరవాత ఆ ఇంజనీర్లు పోయారు. అద్దానికి కొత్త మనిషిని నేర్పడం తెలిసినవాడు ఒక్కడూ మిగల్లేదు. ఇక తలుపు ఎత్తగల మనిషి ఎవరి చేతిలో ఉంటే నీరు వాడిది. మమ్మల్ని పంచుకున్నారు. మా పేర్లు తీసేసి 'చేతులు' అన్నారు. పెదబాబుకి నలభై రెండు చేతులు అనేవారు.

దిగువ వాళ్ళు మనిషిని మనిషి పట్టుకోవడం పాపమని నలభై ఏళ్ళ కిందటే చట్టం చేశారు. దిగువన లాకులు లేవు. లాకులు లేనిచోట మమ్మల్ని పట్టుకుని ఏం చేసుకుంటారు? వాళ్ళ ధర్మం అంత చవకగా వచ్చింది. నలభై ఏళ్ళూ మేం వదిలిన నీళ్ళతో పండిన అన్నమే తిన్నారు. ఒక్క ముద్దా గొంతులో అడ్డం పడలేదు. నీళ్ళ కరువు వచ్చిన ఏడు ఎగువ వాళ్ళు వంతులు సగానికి కోశారు. అప్పుడు వాళ్ళకి మా కష్టం గుర్తుకొచ్చింది.

అయిదు గీతల్లో పట్టదు.

జూన్ 1, బుధవారం. తెల్లారుతూనే నాలుగు చినుకులు. మండలి గుమస్తా వచ్చి జాబితా పట్టుకెళ్ళాడు. మాలో పెద్దవాళ్ళ పేర్లన్నీ అందులో ఉన్నాయి. సంతకం పెట్టాను. పైన 9-2, కింద 5-0.

జూన్ 3, శుక్రవారం. ఎండ తీవ్రం.

పొద్దుటే ఉత్తర్వు ప్రతులు పట్టుకుని పైనున్న లాకులకి వెళ్ళాను. ఎనిమిది, తొమ్మిది, పది. ఒక్కొక్క గోడకీ అంటించాను. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు.

గట్టు మలుపు తిరగగానే డప్పు వినిపించింది.

మాలో ఒక ఆచారం ఉంది. పుట్టిన పదకొండో రోజున బిడ్డకి పసుపు నీళ్ళు పోసి, లాకు గదికి తీసుకెళ్ళి, అరచెయ్యి విప్పి అద్దానికి ఆనిస్తారు. పచ్చ దీపం వెలిగితే డప్పు కొడతారు. పూర్వం పెదబాబు ఎస్టేటు వాళ్ళు తల్లికి చీర పెట్టేవారు. తమ ఆస్తి పెరిగిందని పెట్టేవారు. మా ఆడవాళ్ళు దాని మీద పాటలు కట్టి పాడుకున్నారు. నీరు మన బిడ్డని గుర్తుపట్టింది అని పాడతారు. ఎవరిదీ కాని బతుకులో, ఈ బిడ్డ నాకు తెలుసు అని ఒక్క దీపం చెప్తే అదే పండగ. నేను కూడా వీరవేణి పుట్టినప్పుడు డప్పు కొట్టాను.

ఇప్పుడు ఎస్టేటు లేదు కదా, చెయ్యి చూపించడం ఎవరు చేస్తారు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

నూకాలమ్మ ఎదురొచ్చింది. నుదుటి మీద కుంకం చెమటకి కారిపోయింది.

"మావా, ఎంత పొద్దేటి? నీకోసం సూసి సూసి మేవే కానిచ్చేశాం. ఎలిగిందయ్యా! ఆనించామో లేదో, బగ్గుమని ఎలిగింది. మీయమ్మ పోలికే. ఎస్టేటోడి సీర లేకపోతే ఏం, నా పెళ్ళి సీరే కప్పాను దానికి."

గది గోడకి ఆనుకుని మా అన్న పోలయ్య కూర్చున్నాడు, డప్పు ఒళ్ళో పెట్టుకుని. ఆయనకి రెండు చేతులూ మణికట్ల దగ్గరికే ఉన్నాయి. యుద్ధం ఆఖరి ఏడు ఎగువ వాళ్ళు వెనక్కి పోతూ, జ్వరాలతో నడవలేని వాళ్ళని వదిలేసి పోయారు. ఉత్తినే వదల్లేదు. దిగువ సైన్యానికి పనికొస్తామని చేతులు నరికి వదిలారు. ఒక్క తొమ్మిదో లాకు దగ్గరే పందొమ్మిది మందికి. ఆయన ఇప్పుడు మోచేతులతో డప్పు కొడతాడు.

ఆయన తల వెనకాలే నేను అంటించిన కాగితం ఉంది.

నేను గోడ దగ్గరికి వెళ్ళి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదివాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. మూడో వాక్యానికి పాట ఆగిపోయింది. జలపాఠశాల దగ్గరికి వచ్చేసరికి ఎవరో బిడ్డకి కప్పిన చీర లాగేశారు.

"ఈ కాయితం ఎప్పుడంటించావు?" అంది నూకాలమ్మ.

"శనివారం."

"నేనడిగాను. ఇక్కడే నిలబడి అడిగాను నిన్ను. ఏటన్నావు? మామూలే అన్నావు. నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయని?"

వీరవేణి అరుగు మీద నుంచి లేవలేదు. దాని మొగుణ్ణి యుద్ధం ఆఖరి నెలల్లో, దిగువ సైన్యం కోసం పదో లాకు తలుపు ఎత్తుతుంటే వెనక నుంచి కాల్చారు. అది ఏడవలేదు. "నాన్నా, నీకు చదువొచ్చు. ఇంకెవరికీ రాదు," అంది. అంతే అంది. నన్ను తిట్టినా బాగుండేది.

గేజీ చూశాను. పైన 9-0, కింద 4-11. చెయ్యి నాది.

జూన్ 5, ఆదివారం. వేడి గాలి.

నిన్న ఎనిమిదో లాకు నుంచి పద్నాలుగో లాకు దాకా నడిచాను. ప్రతిచోటా జనాన్ని పిలిచి కాగితం చదివి వినిపించాను. పన్నెండో లాకు దగ్గర ఒక నిండు చూలాలు చివరిదాకా విని, "ఇదంతా నువ్వే రాశావా మావయ్యా? రాత బాగుంది," అంది. వెక్కిరించిందో, నిజంగానే అందో తెలియలేదు. దారి పొడుగునా అదే వినిపించింది.

ఈ రోజు పడవ మీద మండలి కార్యాలయానికి వెళ్ళాను. హైమవతి గారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. కూర్చోలేదు.

"పదమూడు రోజుల పిల్లండి. తెలీక ఆనించారండి. ఆ పేరు తీసేయించండి."

"అద్దంలో చేరింది తీయడం ఎవరికీ రాదు లోవరాజు గారూ. మీకు తెలుసు కదా. పదిహేనో తారీఖున జాబితా తీస్తే మీరు రాసే లాకు రిజిస్టరుతో సరిపోవాలి."

"సరిపోకపోతేనండీ?"

"మీ మీద కేసవుతుంది. నాకది ఇష్టం లేదు." కుర్చీ మళ్ళీ నా వైపు జరిపి, "అయిదేళ్ళుంది కదండీ. ఈలోగా చట్టం మారొచ్చు. ఇది బానిసత్వం కాదు. కూలి ఇస్తున్నాం. బడి పెడుతున్నాం. మీలాంటి వాళ్ళు పదిమంది తయారవుతారు," అన్నారు.

"కాలవ దాటి వెళ్ళొచ్చాండీ?"

"అనుమతితో."

"అనుమతి ఎవరిస్తారండీ?"

ఆవిడ పక్క గది వైపు చూశారు. తలుపు మీద పెదబాబు పేరు రాసుంది.

"యుద్ధం అయిపోయిందండీ," అన్నారు, చాలా మెల్లగా, జ్వరం వచ్చినవాడితో చెప్పినట్టు.

ఆవిడ మంచి మనిషి. పెదబాబు మీద కోపం రావడానికి నాకు యాభై ఏళ్ళ అలవాటుంది. ఈవిడ మీద కోపం తెచ్చుకోవడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

జూన్ 7, మంగళవారం. మబ్బు. 8-11, 4-10.

పెట్టె మూత తీసి రెండో తలుపు పళ్ళచక్రాలకి గ్రీజు పెట్టాను. ఇరుసు చివర పైకి పొడుచుకుని ఉంటుంది. నాలుగు పలకలుగా చెక్కి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. దేనికో తెలియదు. ఇవాళ దాని పక్కనే చాలాసేపు కూర్చున్నాను. అద్దం చేసే పని మోటారుకి ఊఁ అని చెప్పడమే. మోటారు చేసే పని ఈ ఇరుసు తిప్పడమే. మోటారు రాకముందు దీన్ని తిప్పిందెవరు?

గట్టు మీద పడవలు కట్టే ఇనుప దిమ్మ ఉంది. దాని చుట్టూ నాలుగు చిల్లులు, మట్టి తవ్వి చెయ్యి పెడితే అడుగున నాలుగు పలకల గుంట. మా తాతల నాటి నుంచి దానికి పడవలే కడుతున్నాం. కొలిచాను. ఇరుసు మొన, దిమ్మ గుంట ఒకటే కొలత.

జూన్ 8, బుధవారం. మబ్బు, ఉక్క.

దిమ్మ పెకలించి ఇరుసు మీదికి ఎక్కించాం. చిల్లుల్లో నాలుగు తాటి దుంగలు దూర్చాం. దుంగకి ఇద్దరు. నేను, నూకాలమ్మ, పోలయ్య, ఎనిమిదో లాకు నుంచి వచ్చిన అయిదుగురు. మోటారు పట్టు విడగొట్టి, అందరం బయటే ఉండి, అద్దం గదికి తాళం వేసి తోశాం.

మొదటి పావుగంట ఏమీ కదల్లేదు. పోలయ్య దుంగకి రొమ్ము ఆనించి తోస్తున్నాడు. "తోయండెహె, నాకు సేతుల్లేవు గానీ మీకేటి రోగం?" అని అరిచాడు. అందరూ నవ్వారు. నవ్వుతోంటే కిర్రుమంది. గంట గడిచేసరికి తలుపు అడుగు లేచింది. కింద నుంచి నీళ్ళు బుసకొట్టుకుంటూ వచ్చాయి.

నూకాలమ్మ దుంగ వదల్లేదు. తల దానికే ఆనించి, "ఇంతేనా? ఇంతేనా మావా?" అంటోంది.

ఇంతే. ఎనిమిది మంది ఎవరైనా సరే ఒక గంట వొంగితే అయ్యే పని. ఎవరి నెత్తురూ అక్కర్లేదు. ఈ గంట చెమట ఎగువ వాళ్ళకి బరువైంది. వంద ఏళ్ళు మమ్మల్ని కాపలా కాశారు, పంచుకున్నారు, అమ్మారు, నరికారు. దిమ్మ ఎదురుగానే ఉంది. పడవ కట్టుకున్నారు. మేమూ కట్టుకున్నాం.

జూన్ 9, గురువారం. ఎండ. పైన 8-10.

దిగువ రైతు బులిరాజు వచ్చాడు. యుద్ధంలో దిగువ సైన్యంలో ఉన్నాడు, ఎడమ కాలు ఈడుస్తాడు. నారుమడులకి నీళ్ళ కోసం ఈ నెలంతా రోజూ వస్తాడు.

"ఏం లోవరాజా, తలుపెత్తుతావా, మమ్మల్నే వచ్చి ఉమ్మేసుకోమంటావా మడుల్లో?"

దుంగలు చూపించి, ఎలా తోయాలో చెప్పాను. ఊరి నుంచి ఏడుగుర్ని తీసుకురమ్మన్నాను.

ముందు నవ్వాడు. తరవాత నా మొహం చూసి నవ్వు మానేశాడు.

"నేనెందుకు తోయాలయ్యా? నీ చెయ్యుంది కదా. ఇలా ఆనిస్తే అలా లేస్తది."

"నా చెయ్యి ఉండకపోతే?"

"ఉండకపోడమేంటి? మీకోసం కాలిచ్చేశానయ్యా నేను. చూడు ఇది. ఒక తలుపెత్తమంటే ఇంత రాజకీయమా? ఇదేనా మీ విశ్వాసం?"

మోటారు పట్టు మళ్ళీ తగిలించి, అద్దానికి చెయ్యి ఆనించి తలుపు ఎత్తాను. మడులు ఎండిపోతున్నాయి, పిల్లలున్న ఇళ్ళు. కానీ ఎత్తేటప్పుడు నా పళ్ళు ఎంత గట్టిగా బిగుసుకున్నాయంటే, ఇప్పటికీ దవడ నొప్పిగా ఉంది.

జూన్ 11, శనివారం. సాయంత్రం జల్లు.

తొమ్మిదో తారీఖునే మండలికి ఉత్తరం రాశాను. ఎనిమిది మంది, ఒక గంట, ఒక అడుగు. అద్దం అక్కర్లేదు, జాబితా అక్కర్లేదు అని. ఈ రోజు జవాబు వచ్చింది. సలహాదారు సంతకం.

'ఒక చెయ్యి క్షణంలో చేయగల పనికి ఎనిమిది మంది రైతులను పొలం పనులు మానిపించడం ప్రజాప్రయోజనం కాదు. ఉన్న పద్ధతి కొనసాగుతుంది. దిమ్మను యథాస్థానంలో ఉంచవలెను.'

పోలయ్యకి చదివి వినిపించాను. "మరి నా సంగతి అడిగావా?" అన్నాడు. అడిగాను. అదీ ఆ జవాబులోనే ఉంది: అద్దం గుర్తించనివారు విముక్తుల జాబితాలోకి రారు, వారికి గట్టు మీద ఇంటి స్థలం రాదు, ఉత్తర్వు వారికి వర్తించదు.

"అంటే కాలవ దాటి ఎక్కడికైనా పోవచ్చా?"

"పోవచ్చు."

పోలయ్య కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "అయితే నేనేరా దొరని. నన్నెవడూ పిలవడు."

ఇన్ని లక్షల మంది చచ్చిన యుద్ధంలో, నిజంగా విడుదలైంది చేతులు తెగినవాళ్ళే.

ఆ మాట రాసి, పత్రంలో ఫలితాలు అన్న గడిలో కూడా అదే రాశాను. ఒక్క గీత చాలింది. మిగతా నాలుగు ఖాళీగా వదిలేశాను.

జూన్ 14, మంగళవారం. ఎండ. గాలి లేదు.

జాబితా రేపు. పిల్ల పేరు రిజిస్టరులో రాయలేదు. అద్దంలో ఉంది.

పది గంటలకి సమ్మెట తీసుకుని గదిలోకి వెళ్ళాను. రాత్రంతా ఆలోచించి వెళ్ళలేదు. గుర్రపుడెక్క తీస్తూ తీస్తూ లేచి వెళ్ళాను. తలుపులు దించి ఉన్నాయి. అద్దం పగిలితే పేర్లతో పాటు మోటారు కూడా పోతుంది. మోటారు పట్టు విడగొట్టే ఉంచాను, ఇక దుంగలే. కేసు నా మీద. అదంతా లెక్క వేసుకునే సమ్మెట ఎత్తాను.

నూకాలమ్మ వెనకే వచ్చింది. నా భుజం పట్టుకుంది.

"ఇలాగియ్యి."

"నేను సంతకం పెట్టినవాణ్ణి. నా మీదే పడనీ."

"ఆనించింది నేను. దాని గుప్పిడి ఎంత గట్టిగా మూసుకుందో తెలుసా నీకు? ఒక్కో వేలూ నేనే ఇప్పాను. ఇలాగియ్యి మావా."

ఇచ్చాను. మొదటి దెబ్బకి గీత పడింది. మూడో దెబ్బకి పచ్చ దీపం వెలిగి, ఎవరి చెయ్యీ ఆనకుండానే వెలిగి, ఆరిపోయింది. ఆవిడ ఆగలేదు. గోడ ఇటుక కనిపించే దాకా కొట్టింది.

మూడు గంటలకి దిగువ నుంచి ముప్పై మంది దాకా రైతులు వచ్చారు, కాలవలో నీళ్ళు తగ్గిపోయాయని. బులిరాజు గదిలోకి తొంగి చూసి తల పట్టుకున్నాడు.

"చంపేశావు కదయ్యా! మడులు రేపటికి మాడిపోతాయి. ఏం తింటాం, నీ కడుపు కాలా?"

"దుంగలున్నాయి. ఎనిమిది మంది," అన్నాను.

"వీడి చేతులు విరగ్గొట్టండిరా," అన్నాడు వెనక నుంచి ఒకడు.

పోలయ్య లేచి, రెండు మణికట్లూ చాపి వాడి ముందు నిలబడ్డాడు. "ఆ పని అయిపోయిందిరా అబ్బాయ్. వేరే ఏదైనా ఉంటే సెప్పు."

ఎవరూ దుంగ ముట్టుకోలేదు. నన్ను కూడా ముట్టుకోలేదు. చీకటి పడే ముందు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

జూన్ 15, బుధవారం. ఎండ. తూర్పున కాస్త మబ్బు.

తలుపులు దించే ఉన్నాయి. గుర్రపుడెక్క తీయలేదు. గట్టు మీద స్టూలు వేసుకుని కూర్చుని రాస్తున్నాను. పిల్ల నా ఒళ్ళో ఉంది. వీరవేణి తలకి పోసుకుంటోంది.

ఎనిమిది గంటలకి బులిరాజు వచ్చాడు. ఆరుగుర్ని వెంట తెచ్చాడు. నా వైపు చూడలేదు. దుంగలు పట్టుకున్నారు. మొత్తం ఏడుగురు. తోశారు. కదల్లేదు. మళ్ళీ తోశారు.

"ఓయ్ లోవరాజా, రా. ఒక్కడు తక్కువయ్యాడు."

"రాను."

"నీకేం పోయేకాలం? నువ్వే కదా తోయాలన్నావు?"

ఇవాళ నేను వెళ్తే రేపు ఎనిమిదోవాణ్ణి నేనే. ఎల్లుండి ఏడుగురు ఆరుగురవుతారు. చివరికి నేనూ, మా వాళ్ళూ మిగులుతాం. ఆ సంగతి పైకే చెప్పాను. ఇంత పొడుగు మాట నేను ఎవరితోనూ అనలేదు. నూకాలమ్మ గడపలో నిలబడి వింది.

బులిరాజు ఉమ్మేసి, "వీడికి మాటలొచ్చాయిరా, మన ఖర్మ," అన్నాడు. మళ్ళీ రొమ్ము ఆనించాడు. ఈడ్చే కాలు మట్టిలో జారుతోంది.

తొమ్మిదిన్నరకి మండలి పడవ వచ్చింది. హైమవతి గారు, ఇద్దరు పోలీసులు. వెనక గొడుగు కింద పెదబాబు. ఆవిడ గదిలోకి వెళ్ళి, బయటికి వచ్చారు. మొహం పాలిపోయింది.

"ఎవరు చేశారు ఇది?"

"నేనండి," అన్నాను.

"నేనమ్మా," అంది నూకాలమ్మ. "ఆయనకంత జోరెక్కడిది?"

"జాబితా, లోవరాజు గారూ."

"లేదండి."

"మిమ్మల్ని తీసుకెళ్ళాలి. మీకు తెలుసు కదా."

"తెలుసండి."

పెదబాబు పడవలోంచే అరిచాడు. "చూస్తారేంటమ్మా, బేడీలెయ్యమనండి! పదహారో లాకు నుంచి రెండు చేతుల్ని రప్పిస్తాను, అద్దం అతికించి—"

"ఆ అద్దం అతకదు బాబూ," అన్నాడు బులిరాజు, దుంగ వదలకుండానే. చెమట కళ్ళలోకి కారుతోంది. "ఏమ్మా అధికారి గారూ, ఆ కేసులు మధ్యాహ్నం రాసుకుందురు గానండీ. నారు మాడిపోతోందండీ ఆయ్. ఒక మనిషి తక్కువ. మీరు రండి, లేదా ఆ పోలీసులనన్నా పంపండి. కుదరకపోతే ఆ గొడుగాయన్ని దింపండి."

రైతులు నవ్వారు. పోలీసులు హైమవతి గారి వైపు చూశారు. ఆవిడ నా వైపు చూశారు. నేను కళ్ళు తిప్పుకోలేదు, లేవలేదు.

ఆవిడ చేతిలో ఉన్న కాగితాలు నేల మీద పెట్టి, ఎగరకుండా రాయి పెట్టారు. చెప్పులు విప్పారు. చీర కొంగు దోపుకున్నారు. బులిరాజు పక్కకి జరిగి చోటిచ్చాడు.

తోస్తున్నారు. ఆవిడకి తోయడం రాదు, చేతులతోనే నెడుతున్నారు. "రొమ్మానించాలమ్మా," అని పోలయ్య చెప్తున్నాడు. పెదబాబు ఏదో అరుస్తున్నాడు, ఇరుసు చప్పుడులో వినపడటం లేదు.

కిర్రుమంది. పిల్ల ఉలిక్కిపడి మళ్ళీ పడుకుంది. తలుపు కింద నుంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. లేచి గేజీ చూసి రావాలి.

గేజీ: పైన...